షార్ట్‌వేవ్ రేడియోలో నంబరుతో పిలిచే డీఎస్‌సీ పద్ధతి: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం హ్యాముల కోసం

బరంపురం హ్యాము (అమెచ్యూర్ రేడియో నడిపేవారు) రాయగడ హ్యాముతో 40 మీటర్ల బ్యాండులో, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, మాట్లాడాలంటే ఇద్దరూ ముందే అనుకున్న టైముకి సెట్ల ముందు ఉండాలి. లేదంటే అవతలివారు రోజంతా స్పీకర్ రొద వింటూ కూర్చోవాలి. వీహెచ్‌ఎఫ్‌లో స్క్వెల్చ్, అంటే సిగ్నల్ లేనప్పుడు స్పీకర్‌ని మూసే అమరిక, ఉంది కాబట్టి ఆ బాధ లేదు. కానీ మన దగ్గర మహేంద్రగిరి, దేవమాలి లాంటి కొండలు అడ్డం ఉన్నాయి, రిపీటర్ (అందుకున్నదాన్ని మళ్లీ పంపే కేంద్రం) లేకపోతే వీహెచ్‌ఎఫ్ అవతలికి దాటదు. హెచ్‌ఎఫ్, అంటే షార్ట్‌వేవ్, దాటుతుంది, కానీ అక్కడ స్క్వెల్చ్ పనికిరాదు: రొద గంటగంటకీ మారుతుంది, ఒక్కోసారి సిగ్నల్ కన్నా రొదే పెద్దది.

దీనికి ఓడల రేడియోలో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. దాని పేరు డిజిటల్ సెలెక్టివ్ కాలింగ్, పొట్టిగా డీఎస్‌సీ. ప్రతి స్టేషన్‌కూ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుతో చిన్న డిజిటల్ పిలుపు వస్తేనే అలారం మోగుతుంది, మిగతా సమయమంతా స్పీకర్ నోరు మూసుకునే ఉంటుంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ రేడియో విభాగం ఇచ్చిన ఐటీయూ-ఆర్ ఎం.493 అనే సిఫార్సులో దీని నిర్మాణమంతా రాసి ఉంది. మామూలు ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్, సిగ్నల్‌లో పై సగమో కింది సగమో మాత్రమే పంపే) సెట్టు, ఒక సౌండ్‌కార్డు, ఒక చిన్న కంప్యూటరు ఉంటే హ్యాము బ్యాండులో అదే నిర్మాణం వాడుకోవచ్చు. ఈ పద్ధతిలో చిక్కంతా రెండే చోట్ల వస్తుంది: ఫ్రీక్వెన్సీ కచ్చితంగా ఉండటం, పిలుపు మొదలూ చివరా తెగకుండా వెళ్లడం.

ముందుగా దాటకూడని గీతలు

ఓడల డీఎస్‌సీ ఆపద చానెళ్లు 2187.5, 4207.5, 6312, 8414.5, 12577, 16804.5 కిలోహెర్ట్జ్. వీటి మీద హ్యాము ట్రాన్స్‌మిట్ చేయకూడదు, పరీక్షకి కూడా చేయకూడదు. మీ సాఫ్ట్‌వేర్‌లో పొరపాటున కూడా ఆ డయల్ మీద పీటీటీ (ట్రాన్స్‌మిట్ మీట) పడని విధంగా తాళం పెట్టండి. ఫార్మాట్, అంటే పిలుపు రకం చెప్పే అంకె, 112 అయితే ఆపద పిలుపు. హ్యాము ఎన్‌కోడర్‌లో ఆ అంకె అసలు ఉండకూడదు.

డీఎస్‌సీలో వెళ్లేవి అంకెలు మాత్రమే, కాల్‌సైన్ (లైసెన్సులో ఇచ్చిన రేడియో పేరు) వెళ్లదు. కాబట్టి పిలుపుకి ముందూ తర్వాతా మీ కాల్‌సైన్‌ని మాటతో గానీ మోర్స్‌లో గానీ చెప్పండి. నంబర్ల పట్టిక కూడా అందరికీ తెలిసేలా ఉంచాలి. రహస్య సంకేతాలకు అమెచ్యూర్ సర్వీసులో చోటు లేదు. ఏ నంబరు ఎవరిదో ఎవరైనా చూసుకోగలిగితే ఆ అనుమానమే రాదు.

నంబరు ఎలా పెట్టుకోవాలి

ఓడల నంబరు, అంటే ఎంఎంఎస్‌ఐ, 9 అంకెలు. ఇండియా ఓడలవి 419తో మొదలవుతాయి, తీర కేంద్రాలవి 00తో మొదలవుతాయి. మన నంబర్లు వాటితో కలవకూడదు. సులువైన దారి: మొదట 1, తర్వాత మీ ఊరి 6 అంకెల పిన్‌కోడ్, చివర 2 అంకెల వరస నంబరు. బరంపురం పిన్ 760001లో 7వ స్టేషన్ అయితే 176000107. రాయగడ పిన్ 765001లో 3వ స్టేషన్ అయితే 176500103. నంబరు చూడగానే ఊరు తెలిసిపోతుంది. ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం, పలాస వాళ్లు చేరినా ఇదే లెక్క సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఢిల్లీ పిన్‌లు 11తో మొదలవుతాయి, ముందు 1 చేరిస్తే 111 అవుతుంది. 111తో మొదలయ్యే నంబర్లు గాలింపు విమానాలవి. ఢిల్లీ స్టేషన్లని కలుపుకోవాలంటే వాళ్లకి వేరే పద్ధతి పెట్టండి.

చివరి 00ని ఆ పిన్ వాళ్లందరి ఉమ్మడి నంబరుగా ఉంచుకోండి. 176120000 అని పిలిస్తే పర్లాకిమిడి స్టేషన్లన్నీ మోగాలి. ఉమ్మడి పిలుపుకి ఎవరూ డిజిటల్‌గా జవాబు ఇవ్వకూడదు. నలుగురు ఒకేసారి జవాబిస్తే నాలుగూ చెడిపోతాయి.

కొన్ని వాణిజ్య హెచ్‌ఎఫ్ సెట్లలో సీసీఐఆర్ 493-4 అనే 4 అంకెల సెల్‌కాల్ ఉంటుంది. స్వరాలు ఒకటే, వేగం ఒకటే, కానీ ఫ్రేము వేరు. ఆ సెట్టు మన 9 అంకెల పిలుపుకి మోగదు. నెట్‌వర్కు మొత్తం ఏదో ఒక దాని మీదే ఉండాలి.

గాలిలో వెళ్లేది ఏమిటి

వేగం సెకనుకి 100 బిట్లు, రెండు స్వరాల మధ్య తేడా 170 హెర్ట్జ్. ఎస్‌ఎస్‌బీ సెట్టుకి ఆడియో ఇస్తే మధ్యస్థానం 1700 హెర్ట్జ్, అంటే స్వరాలు 1615, 1785. పై స్వరం 0, కింది స్వరం 1.

ప్రతి అక్షరం 0 నుంచి 127 లోపు ఒక అంకె. దాన్ని 10 బిట్లుగా పంపుతారు. మొదటి 7 బిట్లు ఆ అంకె, చిన్న విలువ బిట్ ముందు. తర్వాతి 3 బిట్లు ఆ ఏడింటిలో సున్నాలెన్నో చెబుతాయి, ఇక్కడ మాత్రం పెద్ద విలువ బిట్ ముందు. ఎన్‌కోడర్ రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ తిరకాసు దగ్గరే. 120ని తీసుకోండి. బైనరీలో 1111000, తిప్పి రాస్తే 0001111, సున్నాలు 3, అంటే 011. కాబట్టి గాలిలో వెళ్లేది 0001111011. మీ ప్రోగ్రాము 125కి 1011111001 ఇవ్వాలి, 95కి 1111101001 ఇవ్వాలి. ఈ మూడూ సరిపోతే పట్టిక సరిగ్గా ఉన్నట్టే.

పిలుపు క్రమం ఇది. ముందు 0, 1 మార్చి మార్చి 200 బిట్ల చుక్కల వరస, 2 సెకన్లు. తర్వాత ఫేజింగ్, అంటే అవతలి డీకోడర్ వరసలో కుదురుకునే భాగం. ఇక్కడి నుంచి రెండు వరసలు ఒకదాని మధ్య ఒకటి అల్లుకుని వెళతాయి: డీఎక్స్ వరసలో 125 ఆరుసార్లు, ఆర్‌ఎక్స్ వరసలో 111 నుంచి 104 దాకా దిగే 8 అంకెలు. ఆ తర్వాత అసలు విషయం. డీఎక్స్‌లో వెళ్లిన ప్రతి అక్షరం, మధ్యలో 4 అక్షరాలు గడిచాక, ఆర్‌ఎక్స్‌లో మళ్లీ వెళుతుంది. ఆ 4 అక్షరాల కాలం 400 మిల్లీసెకన్లు.

ఈ 400 మిల్లీసెకన్లు మన ప్రాంతానికి చాలా విలువైనవి. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం ఈదురుగాలులు మొదలైతే 80 మీటర్ల బ్యాండులో (3.6 మెగాహెర్ట్జ్ దగ్గర) పిడుగుల చిటపటలు ఆగవు. ఒక చిటపట రెండు మూడు అక్షరాలని మింగేసినా వాటి రెండో నకలు దాని తర్వాత వస్తుంది.

అసలు విషయంలో బరంపురం 07 రాయగడ 03ని పిలిచి 7120 కిలోహెర్ట్జ్‌లో మాటకి రమ్మనే ఉదాహరణ చూద్దాం. 9 అంకెల నంబరు చివర ఒక 0 చేర్చి రెండేసి అంకెలుగా విడగొట్టాలి.

ఫార్మాట్, ఒక్క స్టేషన్‌కి: 120, 120
పిలవబడేవారు: 17 65 00 10 30
తరగతి, మామూలు: 100
పిలిచేవారు: 17 60 00 10 70
పని, ఎస్‌ఎస్‌బీ మాట: 109, 126
ఫ్రీక్వెన్సీ, 100 హెర్ట్జ్ లెక్కన 071200, రెండుసార్లు: 07 12 00 07 12 00
ముగింపు, జవాబు కావాలి: 117
సరిచూసే అక్షరం: 95
చివర: 117, 117

సరిచూసే అక్షరం ఎలా వచ్చిందంటే, ఫార్మాట్‌ని ఒక్కసారే, ముగింపుని ఒక్కసారే లెక్కలోకి తీసుకుని, అన్ని అక్షరాలనీ ఎక్స్‌ఓఆర్ (బిట్లు వేర్వేరైతే 1, ఒకటే అయితే 0) చేయాలి. ఇందులో 17, 10, ఫ్రీక్వెన్సీ అంకెలు రెండేసిసార్లు ఉన్నాయి కాబట్టి కొట్టుకుపోతాయి. మిగిలేవి 120, 65, 30, 100, 60, 70, 109, 126, 117. కాగితం మీద చేసి చూడండి, 95 వస్తుంది. 120ని రెండుసార్లు కలిపేస్తే వేరే అంకె వస్తుంది, అప్పుడు ఎవరి డీకోడరూ మీ పిలుపుని ఒప్పుకోదు.

చివరి రెండు 117లు డీఎక్స్ వరసలోనే వెళతాయి. మొత్తం 62 అక్షరాలు, 6.2 సెకన్లు. చుక్కలతో కలిపి 8.2 సెకన్లు. జవాబు ఇచ్చేవారు రెండు నంబర్లనీ తారుమారు చేసి ముగింపులో 122 పెడతారు. ఉమ్మడి పిలుపుకి ముగింపు 127, అంటే జవాబు అక్కర్లేదు.

109 అంటే ఎస్‌ఎస్‌బీ మాట అని మాత్రమే. ఓడల్లో దానికి అప్పర్ సైడ్‌బ్యాండ్ అని అర్థం, మనం 40లో, 80లో మాటకి లోయర్ వాడతాం. ఏది వాడాలో నెట్‌వర్కులో ముందే రాసిపెట్టుకోండి.

సెట్టు సర్దుబాటు

సెట్టుని డేటా మోడ్‌లో, అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో పెట్టండి. 40 మీటర్లలో అలవాటు కొద్దీ లోయర్‌లో వదిలేస్తే 0, 1 తారుమారవుతాయి. డయల్ జరిపి స్వరాల్ని 1700 దగ్గరికి తెచ్చినా చుక్కలు చక్కగా కనబడతాయి గానీ ఒక్క అక్షరం కూడా రాదు. ఈ లక్షణం కనబడితే ముందు చూడాల్సింది సైడ్‌బ్యాండే.

డయల్ ఎప్పుడూ అసలు ఫ్రీక్వెన్సీ కన్నా 1.7 కిలోహెర్ట్జ్ తక్కువ. పిలుపు కేంద్రం 7043.7 అనుకుంటే డయల్ 7042.0. మన దేశంలో 40 మీటర్లు 7000 నుంచి 7200 దాకానే. కంప్యూటర్ సందేశ పద్ధతులైన ఎఫ్‌టీ8 ఉన్న 7074, జేఎస్8 ఉన్న 7078, ఎఫ్‌టీ4 ఉన్న 7047.5 డయళ్ల జోలికి, మాటల నెట్‌ల జోలికి పోకుండా, కొన్నాళ్లు వేర్వేరు వేళల్లో విని ఖాళీ చోటు ఎంచుకోండి.

నాయిస్ బ్లాంకర్, నాయిస్ రిడక్షన్, ఆటో నాచ్ మూడూ ఆపేయండి. ఆటో నాచ్ నిలకడగా ఉన్న స్వరాన్ని వెతికి చంపుతుంది, మనం పంపేవి అవే. ఏజీసీ (వినబడే స్థాయిని తనే సర్దే అమరిక) ఫాస్ట్‌లో ఉంచండి. స్లోలో ఉంటే ఒక పిడుగు చప్పుడు తర్వాత సెట్టు సెకను పాటు చెవుడు పడుతుంది, 400 మిల్లీసెకన్ల నకలు కూడా అందులోనే పోతుంది. ఫిల్టర్ 500 హెర్ట్జ్ పెట్టేటట్టయితే దాని మధ్యస్థానం 1700కి జరపాలి. జరపడం కుదరని సెట్లలో 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పే మేలు.

పవరు సగానికి దించండి. మాటలో సెట్టు ఊపిరి తీసుకుంటుంది, ఎఫ్‌ఎస్‌కేలో, అంటే ఈ రెండు స్వరాల పద్ధతిలో, 8 సెకన్లూ పూర్తి పవరే. 100 వాట్ల సెట్టుకి 50 వాట్లు చాలు. లైసెన్సు పరిమితి అంతకన్నా తక్కువైతే అదే హద్దు. ఆడియో స్థాయిని ఏఎల్‌సీ (ఆడియో మితిమీరితే పవరుని తగ్గించే అమరిక) సూది కదలడం మొదలయ్యే చోటు కన్నా కొంచెం కిందికి ఉంచండి.

ఫ్రీక్వెన్సీ తప్పు

ఎక్కువ మంది ఓడిపోయేది ఇక్కడే. రెండు స్వరాల మధ్య దూరం 170, మధ్య నుంచి ఒక్కో స్వరానికి 85. పాత సెట్టులో క్రిస్టల్ తప్పు 10 పీపీఎం (పది లక్షల్లో 10) ఉంటే 7 మెగాహెర్ట్జ్‌లో అది 70 హెర్ట్జ్. ఒక స్వరం దాదాపు మధ్యకొచ్చి కూర్చుంటుంది, డీకోడర్‌కి రెండిటికీ తేడా తెలియదు. టీసీఎక్స్‌ఓ (వేడి మార్పుని సర్దుకునే క్రిస్టల్) ఉన్న 0.5 పీపీఎం సెట్టులో అదే తప్పు 3.5 హెర్ట్జ్. ఓడల ప్రమాణం అడిగేది 10 హెర్ట్జ్ లోపు. మనం కూడా ఆ గీత దగ్గరే నిలబడాలి.

సరిచూసుకునే పద్ధతి: సెట్టుని అరగంట వేడెక్కనివ్వండి. చైనా కాలసంకేత కేంద్రం బీపీఎం 10 మెగాహెర్ట్జ్‌లో వినిపించే వేళ డయల్ 9999.0 పెట్టి, అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో వినండి. క్యారియర్ 1000 హెర్ట్జ్ స్వరంగా రావాలి. వాటర్‌ఫాల్‌లో (స్వరాలు గీతలుగా కనబడే తెరలో) 1012 కనబడితే మీ సెట్టు 10 మెగాహెర్ట్జ్ దగ్గర 12 హెర్ట్జ్ కిందుంది, 7 దగ్గర సుమారు 8 హెర్ట్జ్ కిందుంటుంది. డయల్‌ని అంత పైకి జరపండి, లేదా సెట్టు మెనూలో రిఫరెన్సు సర్దండి. సౌండ్‌కార్డు గడియారం తప్పు 1000 హెర్ట్జ్ దగ్గర లెక్కలోకి రానంత చిన్నది.

ఎన్‌కోడర్, డీకోడర్

వినడానికి విండోస్‌లో యాడ్, మల్టీపీఎస్‌కే అనే ప్రోగ్రాములు డీఎస్‌సీని డీకోడ్ చేస్తాయి. మొదటి అభ్యాసానికి డయల్ 8412.8 (ఓడల 8414.5 చానెల్) పెట్టి రాత్రి వినండి, ఓడల పరీక్ష పిలుపులు వాటంతటవే వస్తాయి. మీకు ఉద్దేశించనిది విన్నప్పుడు అందులోని విషయాన్ని బయట పెట్టకూడదన్నది అంతర్జాతీయ రేడియో నియమం. డీకోడర్‌ని హ్యాము ఫ్రీక్వెన్సీకి మార్చినప్పుడు, విన్న పిలుపుల్ని ఇంటర్నెట్‌కి పంపే ఎంపిక ఉంటే ఆపేయండి. మన నంబర్లు ఓడల లెక్కల్లో కలవకూడదు.

పంపడానికి చిన్న పైథాన్ ప్రోగ్రాము చాలు. సెకనుకి 48000 నమూనాల చొప్పున ఒక్కో బిట్‌కి సరిగ్గా 480 వస్తాయి. స్వరం మారినప్పుడు సైన్ తరంగాన్ని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టకండి. ఫేజ్‌ని కూడుకుంటూ పోవాలి. లేదంటే ప్రతి మార్పు దగ్గరా టక్‌మనే చప్పుడు పుట్టి పక్క ఫ్రీక్వెన్సీల్లోకి చిమ్ముతుంది.

సొంత డీకోడర్ రాసేవాళ్లకి రెండు మాటలు. నిటారుగా పైకెళ్లి, పై వాతావరణానికి తగిలి దిగే తరంగాలు రెండు మూడు దారుల్లో వస్తాయి కాబట్టి ఒక్కోసారి ఒక స్వరం మాత్రమే వాడిపోతుంది. రెండు స్వరాల బలాన్నీ నేరుగా పోల్చకుండా, ఒక్కోదాన్ని దాని ఇటీవలి సగటుతో సరిపెట్టి అప్పుడు పోల్చండి. రెండోది: డీఎక్స్ అక్షరంలో సున్నాల లెక్క తప్పితే ఆర్‌ఎక్స్ నకలు తీసుకోండి, రెండూ సరిగ్గా ఉండి వేర్వేరుగా వస్తే రెండిటినీ నమ్మకండి. ఒకే అక్షరంలో ఒక 0 1గా, ఒక 1 0గా మారితే సున్నాల లెక్క పట్టుకోలేదు. నంబరు సరిపోయి, చివరి సరిచూసే అక్షరం కూడా సరిపోతేనే అలారం మోగించాలి.

పరీక్ష వరస

ముందు ఫైలు తయారు చేసి అదే కంప్యూటర్‌లో డీకోడ్ చేయండి. తర్వాత అదే ఫైలుకి రొద కలిపి చూడండి. ఆ తర్వాత సెట్టుని డమ్మీ లోడ్ (ఆంటెనా బదులు పవరుని మింగే నిరోధం) మీద పెట్టి, ఇంకో రిసీవర్‌తో వినండి. చివరగా ఆంటెనా.

డమ్మీ లోడ్ మీద బాగా పనిచేసి ఆంటెనా మీద చెడిపోతే ఆర్‌ఎఫ్ (మనం పంపే రేడియో తరంగం) ఆడియో తీగల్లోకి ఎక్కుతోందన్నమాట. 600 ఓమ్ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, కంప్యూటరు కేబుల్ రెండు చివరలా ఫెర్రైట్ పెట్టండి. పిలుపు అంతా వచ్చి సరిచూసే అక్షరం దగ్గరే తెగుతోందంటే పీటీటీ ముందే వదిలేస్తోంది: ప్రోగ్రాము పని ముగిసిందనుకున్నా ఆడియో బఫర్‌లో ఇంకా మిగిలి ఉంటుంది. పీటీటీని 300 మిల్లీసెకన్లు ఎక్కువ పట్టి ఉంచండి. మొదట్లో కూడా 200 మిల్లీసెకన్లు ఆగి ఆడియో మొదలెట్టండి. కంప్యూటర్‌లోని మిగతా చప్పుళ్లన్నీ వేరే సౌండ్‌కార్డుకి మళ్లించండి.

రెండు మూడు చానెళ్లు స్కాన్ చేసే స్టేషన్లు ఉంటే 200 చుక్కలు చాలవు. ఇంటి సెట్టు ఒక్కో చానెల్‌లో 2 సెకన్లు ఆగితే, 3 చానెళ్లకి ఒక చుట్టు 6 సెకన్లు. చుక్కల్ని 700 బిట్లకి పెంచితే ఎక్కడున్నా దొరుకుతాయి.

ఆంటెనా, వేళ

కొండల మీదుగా 100 నుంచి 300 కిలోమీటర్లకి సిగ్నల్ నిటారుగా పైకి పోవాలి. 40 మీటర్ల డైపోల్ (మధ్యలో నుంచి రెండు వైపులా చాచిన తీగ ఆంటెనా) 7.1 మెగాహెర్ట్జ్‌కి ఒక్కో వైపు 10 మీటర్లు, నేల నుంచి 5 నుంచి 10 మీటర్ల ఎత్తు. అంతకన్నా ఎత్తు కట్టడం ఈ పనికి ఖర్చే గానీ లాభం కాదు. 80 మీటర్లకి 3.6 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో వైపు 19.8 మీటర్లు. పగలు 40, రాత్రి పొద్దుపోయాక 80. అన్నిటికన్నా బలహీనమైన వేళ తెల్లవారుజాము. అప్పుడు 40లో పక్క జిల్లా వినబడదు, దూరదేశాలు వినబడతాయి. గోపాల్‌పూర్, సోంపేట తీరంలో ఉప్పుగాలికి కనెక్టర్లు ఏడాదిలో పచ్చబడతాయి, స్వీయ-అతుకు రబ్బరు టేపు చుట్టండి.

కరెంటు పోయినప్పుడు

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానలకి గజపతి జిల్లా కొండలు విరిగిపడ్డాయి. అలాంటి వేళల కోసం బ్యాటరీ లెక్క ముందే వేసుకోవాలి. పిలుపుకి ఖర్చయ్యేది ఏమీ లేదు: 12 ఆంపియర్లతో 8.2 సెకన్లంటే 0.03 ఆంపియర్-అవర్ కూడా కాదు. ఖర్చంతా కాచుకుని ఉండటంలోనే. సెట్టు రిసీవ్‌లో 1 ఆంపియర్, రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు 0.4, మొత్తం రోజుకి 34 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ ఇన్వర్టర్ బ్యాటరీని సగం దాకా వాడితే 35 గంటలు వస్తుంది. రాస్‌ప్‌బెర్రీ పై బదులు 30 వాట్ల ల్యాప్‌టాప్ పెడితే అదే బ్యాటరీ 14 గంటలకే సగమవుతుంది. సోలార్ ప్యానెల్ లేనివాళ్లు ప్రతి గంటలో మొదటి 15 నిమిషాలే సెట్టూ రాస్‌ప్‌బెర్రీ పై రెండూ ఆన్ చేస్తామని పట్టికలో రాసుకుంటే అదే బ్యాటరీ ఐదారు రోజులు లాగుతుంది. పిలిచేవాళ్లు ఆ 15 నిమిషాల్లోనే పిలవాలి. ఉరుములు దగ్గర పడితే ఆంటెనా తీగ పీకేయాల్సిందే, కాబట్టి ఒక ఊళ్లో ఇద్దరైనా కాపలా ఉండేలా చూసుకోండి.

అభ్యాసానికి 8412.8 మీద వింటున్నప్పుడు నిజమైన 112 పిలుపు తెర మీద పడితే దానికి రేడియోలో జవాబివ్వకండి. నంబరు, అక్షాంశ రేఖాంశాలు, సమయం ఉన్నవి ఉన్నట్టు రాసుకుని కోస్ట్‌గార్డ్ 1554కి ఫోన్ చేయండి. డీకోడర్ సందేహం పెట్టిన అక్షరాలుంటే అవి ఏవో కూడా చెప్పండి.